ఊపిరి తగిలిన బ్లాకు

ఆ ఉదయం నా దగ్గరున్నవి నలభై మైనపు బ్లాకులు. ఒక్కో బ్లాకులో ఒక్కో రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్క. బ్లాకుకు నాలుగు నిమిషాలు వేసుకున్నా మొత్తం రెండు గంటల నలభై నిమిషాలు. ఒక్కటీ చెడగొట్టకుండా మధ్యాహ్నానికి కోసేస్తే ఈ ల్యాబులో నా తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

"లెక్కలకేం, బాగానే వేస్తావు సిగ్వే," అంది మా పెద్ద టెక్నీషియన్ గున్‌వోర్. "తొందరలో ఒకరి ముక్క ఇంకొకరి స్లైడు మీదకి ఎక్కించావనుకో, జబ్బు లేనివాడికి కేన్సర్ రాసిస్తారు డాక్టర్లు. ప్రతి బ్లాకు తర్వాతా తొట్టిలో నీళ్ల పైభాగం తుడువు."

"తుడుస్తాను మహాతల్లీ. మీరెళ్లి వాఫుల్స్ తినండి."

"నీకొకటి ఉంచుతాలే. పైన వేసుకునే బ్రౌన్ చీజ్ మీద మాత్రం ఆశ పెట్టుకోకు."

తలుపు మూసుకుంది. కిటికీ బయట పట్టపగలే చీకటి. ఉత్తర ధ్రువానికి దగ్గరున్న మా ఊళ్లో ఈ చలికాలం సూర్యుడు కనబడి నెల దాటింది. దూరంగా మంచు తోసే బండి రోడ్డును గీరుకుంటూ పోతోంది. గదిలో కరిగిన మైనం వాసన, దాని వెనక ముక్కును కోసే జైలీన్ రసాయనం ఘాటు. కోత యంత్రం చక్రం తిప్పుతుంటే కాగితం కన్నా పలుచని పొరలు రిబ్బనులా జారుతున్నాయి. వాటిని వెచ్చని నీళ్ల తొట్టిలో పరిచి, స్లైడు మీదకి ఎత్తుకుంటున్నాను.

పద్నాలుగోది ఒకావిడ ఊపిరితిత్తి. మరీ ఎండిపోయి ఉంది, పొర చిట్లిపోతోంది. ఇలాంటప్పుడు మేమంతా చేసే పనే చేశాను. బ్లాకు దగ్గరగా నోరు పెట్టి వెచ్చగా ఊదాను.

పొర చక్కగా వచ్చింది. నీళ్లలో పరిచాను. దాని పక్కన ఇంకో ముక్క తేలుతోంది... గోరంత. ఎవరిదో.

నీళ్ల మీద కాగితం లాగి తుడిచాను. ఊదాను. కోశాను. మళ్లీ ఉంది. ఈసారి పెద్దది.

నీళ్లన్నీ పారబోసి కొత్తవి పోశాను. ఊదాను. కోశాను.

ఆ ముక్క... బ్లాకు కంటే పెద్దదిగా ఉంది.

బ్లాకును, మిగతావి చల్లబడుతున్న మంచు పళ్లెం మీద పెట్టి వెనక్కి జరిగాను. దాని మీద సన్నగా ఆవిరి పట్టింది. నేను ఊదలేదు. ఆవిరి ఆరింది. మళ్లీ పట్టింది. ఆరింది... పట్టింది...

తలుపు తెరుచుకుంది. చేతిలో వాఫుల్ పళ్లెంతో గున్‌వోర్. గడప దగ్గరే ఆగిపోయింది.

"ఊదావా?" గుసగుసగా అడిగింది.

"అందరం ఊదుతాంగా..."

"ఎన్నిసార్లు?"

"మూడు."

పళ్లెం బల్ల మీద పెట్టేసింది. "ఇక ఊదకు. అది నేర్చుకుంటోంది."

"ఏది?"

ఆమె రిజిస్టరు అందుకుంది. "పాడైందని రాసేస్తాను. వదిలెయ్యరా నాయనా."

"ఆవిడకి మళ్లీ సూది గుచ్చాలి. నా ఉద్యోగమూ పోతుంది."

ఊపిరి బిగబట్టి బ్లాకును మళ్లీ యంత్రానికి తగిలించాను. చక్రం తిప్పాను. ఒక పొర చిట్లింది. ఇంకోటి చిట్లింది. చెవుల్లో రక్తం హోరు... మూడోది నిలిచింది. నీళ్లలో అదొక్కటే తేలుతోంది. ఎత్తి స్లైడు మీద వేశాను. బ్లాకు మీద ఆవిరి లేదు.

"అయిపోయింది," అన్నాను రొప్పుతూ.

గున్‌వోర్ నన్ను చూడటం లేదు. మంచు పళ్లెం వైపు చూస్తోంది.

కొయ్యాల్సిన ఇరవై ఆరు బ్లాకులు అక్కడ వరసగా ఉన్నాయి. వేటి మీదా నేను ఊదలేదు. అన్నిటి మీదా ఒకేసారి ఆవిరి పట్టింది. ఒకేసారి ఆరింది. ఒకేసారి పట్టింది...

ఒక్కో బ్లాకు ఒక్కో మనిషి. ఇంకా మధ్యాహ్నం కాలేదు.

గుండె నిండా గాలి పీల్చి, పెదాలు బిగించి, పదిహేనో దానికోసం చెయ్యి చాచాను.