సొరంగంలో పట్టుకున్న చెయ్యి

కొండ కింద ఉన్న ఆ పాత సొరంగంలోకి పట్టపగలు మేకలు కూడా అడుగుపెట్టవట. తవ్వేటప్పుడు పైకప్పు కూలి, పనివాళ్ళు కొందరు లోపలే ఉండిపోయారట. తర్వాత రైలుకి వేరే దారి వేశారు, ఇక్కడి పట్టాలు పీకేశారు... సొరంగం మాత్రం నోరు తెరుచుకుని అలాగే ఉంది.

ఇదంతా స్టేషన్లో టీ అమ్మే ఆవిడ చెబితే, వాచీలు బాగుచేసే ఈ అల్లుడు నవ్వేశాడు. అతని భయాలు వేరు. ప్రేమపెళ్ళి చేసుకున్నాడని మామగారు ఏడాదిగా అతనితో మాట్లాడటం లేదు. ఏదైనా అవసరం పడితే గోడకేసి చూసి చెప్పేవారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు... పట్టిన పంతం వదిలే రకం కాదు.

అందుకే భార్య ఈ ఆదివారం షికారు పెట్టింది. సెలవు రోజుల్లో మాత్రమే నడిచే ఆవిరి బండి ఎక్కించి, మొహాలనిండా బొగ్గు నుసితో ఇద్దర్నీ ఇక్కడ దింపింది. తనకి కాళ్ళు నొప్పులని స్టేషన్లోనే కూర్చుని, జలపాతం చూసి రమ్మని వాళ్ళని తోలింది.

చూశారు. వెళ్ళేటప్పుడు మాట లేదు, వచ్చేటప్పుడూ లేదు. మసక చీకటి పడుతుండగా ఇంజను కూత వినిపించింది. కొండ చుట్టి వెళ్తే బండి అందదు. మామగారు సొరంగం వైపు ఒకసారి చూశారు... ప్యాంటు పైకి మడిచి లోపలికి నడిచారు. వెనకే అల్లుడు.

కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఫోను పొద్దుటి ఫొటోలకే చచ్చిపోయింది. ఎక్కడో నీళ్ళు... టప్... టప్... ఇద్దరూ చెరో పక్క గోడ తడుముకుంటూ నడుస్తున్నారు.

ఉన్నట్టుండి అల్లుడి రెండో చెయ్యిని ఎవరో పట్టుకున్నారు—

కెవ్వుమనబోయాడు. మరుక్షణం నవ్వొచ్చింది. మామగారే. పాపం, భయపడ్డట్టున్నారు. చల్లగా, గరుగ్గా ఉన్న ఆ చెయ్యి అతని వేళ్ళని బిగించి పట్టుకుంది.

"నేనున్నాను," అన్నాడు మెల్లిగా.

జవాబు రాలేదు. రాదనీ తెలుసు. అయినా అతనికి కడుపు నిండిపోయింది. స్టేషన్ దీపాలు కనపడగానే ఆ చెయ్యి జారిపోయింది. సిగ్గుపడ్డారు కాబోలు అనుకున్నాడు.

పరుగు పరుగున వెళ్ళి బండెక్కారు. భార్య కిటికీకి తల ఆనించి కునుకు తీసింది. మామగారు గొంతు సవరించుకున్నారు.

"మంచి పని చేశావయ్యా... చెయ్యి పట్టుకుని. నాకు చీకటంటే చిన్నప్పట్నుంచీ పడదు."

అల్లుడికి కళ్ళు చెమర్చాయి. పట్టుకున్నది మీరు కదా అనబోయి, పోనీలే అని ఊరుకున్నాడు.

"కాకపోతే," అన్నారాయన వేళ్ళు రుద్దుకుంటూ, "నీ ఉంగరం బాగా గుచ్చుకుంది."

అల్లుడు తన చేతులు చూసుకున్నాడు. బోసి వేళ్ళు. ఆయన చేతులు చూశాడు... అవీ అంతే.

మామగారు మెల్లిగా జరిగి, అల్లుడిని ఆనుకుని కూర్చున్నారు.

కాసేపటికి కూతురు కళ్ళు తెరిచి, ఆ ఇద్దర్నీ చూసి, తన షికారు ఫలించిందని మురిసిపోయింది. వాళ్ళు కాదనలేదు. కిటికీ మాత్రం వేసెయ్యమన్నారు.