లేత గీత

ఇష్టమంటే ఇంకాస్త గట్టిగా ఉండాలేమో. గుండె ఝల్లుమనాలి, నిద్ర పట్టకూడదు, ముద్ద దిగకూడదు. అతనికి ముద్ద చక్కగానే దిగుతోంది. తిన్నాక చేయి కడుక్కుంటుంటే మాత్రం, ఏ కారణమూ లేకుండా ఆమె గుర్తొస్తోంది. దీన్ని ఇష్టమంటారా?

ల్యాబ్‌లో అతన్ని అందరూ 'ఆగుదాంగారు' అంటారు. ఏది అడిగినా అతని నోట ముందు ఆ మాటే వస్తుంది. నిన్న ఆమె అడిగినప్పుడూ అదే వచ్చింది.

ఆమె తండ్రికి కోడిమాంసం యూనిట్ ఉంది. ప్రతి బ్యాచ్‌కీ శాంపిల్ తీసి, ఐసుపెట్టెలో పెట్టి పరీక్షకి తనే తెస్తుంది.

"నాన్న ఇంకో ఊళ్ళో కొత్త యూనిట్ పెడుతున్నారు. నన్ను వెళ్ళి చూసుకోమంటున్నారు. వెళ్ళిపోనా?" అంది నిన్న, పెట్టె మూత మీద వేలితో గీస్తూ.

"ఆగుదాం," అన్నాడతను.

"ఆగడానికి నేనేం బస్సునా? రేపటికల్లా నాన్నకి మాటివ్వాలి."

ఆ రేపు ఇవాళే. ఇప్పుడతని ముందున్నది ఆమె శాంపిలే. కోడిని కడిగిన నీళ్ళు రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉన్నాయి. అందులోంచి కొన్ని చుక్కలు పరీక్ష స్ట్రిప్ మీద వేశాడు. ఒక్క గీత వస్తే సరుకు వెళ్ళిపోవచ్చు. రెండో గీత కూడా వస్తే సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉందని అనుమానం. వెంటనే యూనిట్‌కి ఫోన్ చేసి సరుకు ఆపించాలి.

మొదటి గీత ముదురుగా వచ్చింది. దాని పక్కన నీడలాంటిదేదో ఉంది.

దీపం దగ్గర పెట్టి చూశాడు. దూరం పెట్టి చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు. ఆమె తండ్రితో తను మాట్లాడే మొదటి మాట 'మీ కోళ్ళు బాగాలేవు' అనా? అసలది గీతేనా? క్రిముల్ని పెంచి చూసే కల్చర్ ప్లేటు పెట్టి నాలుగురోజులు ఆగితే ఖాయంగా తెలుస్తుంది. ఈలోగా సరుకు ఎన్ని వంటిళ్ళు చేరుతుందో అతనికి తెలుసు. తెలిసీ చేయి ఫోను మీదికి పోలేదు.

"వచ్చిందా?" తలుపు దగ్గర ఆమె.

"ఇంకా చూస్తున్నాను."

ఆమె వచ్చి అతని భుజం మీదుగా తొంగిచూసింది. ముఖంలో రంగు మారింది. "ఉందిగా రెండోది."

"చాలా లేతగా ఉంది. ఒకవేళ..."

"లేత గీతయినా గీతే. కొత్తవాళ్ళకి మీరు నేర్పే మొదటి పాఠమే ఇది. నాకూ మీరే నేర్పారు."

అతను స్ట్రిప్‌ని మళ్ళీ దీపం వైపు తిప్పాడు.

"మా నాన్న కోప్పడతారనా? పడతారు. అరిచి, ఓ గ్లాసు మంచినీళ్ళు తాగి, కోళ్ళని ముంచే చల్లటి నీళ్ళ ట్యాంకు కడిగించడానికి ఆయనే వెళ్తారు. ఆయనకి చెడుకబురు చెప్పినవాళ్ళ మీద కోపం నిలవదు. దాచినవాళ్ళ మీద నిలుస్తుంది." ఆగి, మెల్లగా అంది. "నాకూ అంతే."

లేత గీతయినా గీతే. ఎంతమందికి చెప్పాడు ఆ మాట! ముదురుగా లేదు కాబట్టి లేదనుకోకండి, రంగు ఎంతుందని కాదు, ఉందా లేదా అన్నదే చూడండి అని. చేయి కడుక్కునేటప్పుడు గుర్తొచ్చే మనిషి. ఐసుపెట్టె చప్పుడైతే చాలు, తనకు తెలియకుండానే సర్దుకునే చొక్కా కాలరు. ఇన్నాళ్ళూ దీన్నీ దీపం దగ్గరా దూరంగానూ పెట్టి చూస్తూనే ఉన్నాడు.

ఫోను తీశాడు.

"నమస్కారమండీ, ల్యాబ్ నుంచి. ఈ బ్యాచ్‌లో అనుమానం వచ్చింది. సరుకు బయటికి పంపొద్దు."

అవతల ఒక పెద్ద గొంతు అరిచింది. తర్వాత నీళ్ళు తాగిన చప్పుడు. తర్వాత, "సరే బాబూ, ఆపేస్తాను. వెంటనే చెప్పి మంచి పని చేశావు. పెట్టేయనా?"

ఆమె ఐసుపెట్టె ఎత్తుకుని తలుపు దాకా వెళ్ళింది.

"పెట్టేయకండి," అన్నాడతను, ఆమె వైపే చూస్తూ. "మీ అమ్మాయి గురించి ఇంకో మాట చెప్పాలి."