పిట్ట ముట్టని మెతుకులు

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు. సూర్యాపేట పక్క పల్లెలో పిచ్చయ్య ఎప్పటిలాగే పొద్దున్నే బర్రె పాలు పితుకుతున్నాడు. మూసీ మీది మంచులో కొడుకు గోపయ్య మోకాలి లోతు నీళ్లలో నడిచొస్తున్నట్టే ఉంది. ఏది కలో, ఏది నిజమో ఆయనకు తెలియడం లేదు. దొర గడి మీద దాడి చేసిన కేసులో గోపయ్యకు ఉరిశిక్ష పడింది. మొన్న తెల్లారి వేస్తామని జైలు నుంచి ముందే కబురొచ్చింది. శవాన్ని అప్పగించబోమనీ అందులోనే చెప్పారు. చెట్టంత కొడుకు పోతే పాడె మొయ్యడానికి కూడా నోచుకోని ఇల్లది.

ఇవాళ మూడో నాడు, కాకి పిట్టకు మెతుకులు పెట్టాలి. పిట్ట ముడితేనే పోయినవాడి ఆశ తీరినట్టు. గోపయ్యకు ప్రాణమైన చేపల పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. కోడలు సైదమ్మ మాత్రం చేతినిండా గాజులతో గడపలో కూర్చుంది.

“గాజులు తియ్యి బిడ్డా, నలుగురు నవ్వుతరు,” అంది అత్త లింగమ్మ.

“శవాన్ని సూసినవా అత్తా? సూడకుంట నేనెట్ల తీస్త?”

“సర్కారు చెప్పింది గదే!” అరిచాడు పిచ్చయ్య.

“ఉరేస్తమన్నోళ్ల మాట గంత నమ్మితివి మామా! తిరిగొస్తనన్న కొడుకు మాట నమ్మకపోతివి.”

పిచ్చయ్యకు తల కొట్టేసినట్టయింది. విసురుగా విస్తరి ఎత్తుకుని ఏటి ఒడ్డుకు నడిచాడు. అత్తాకోడళ్లూ, నలుగురు ఇరుగుపొరుగూ వెంట నడిచారు.

ఇసుకలో విస్తరి పెట్టి అందరూ దూరం జరిగారు. కాకి రేగు కొమ్మ మీద వాలింది గానీ దిగదే!

“నీ పెండ్లాన్ని బిడ్డ లెక్క సూసుకుంటం, ముట్టు కొడుకా. మీ అమ్మనింక తిట్టను, ముట్టు,” అని పిచ్చయ్య కాకిని బతిమాలాడు.

కాకి కదలలేదు. “సచ్చినంక గూడ మొండోడే,” అని పిచ్చయ్య ఏడుస్తూనే నవ్వాడు.

అప్పుడే గట్టు మీద ఎడ్లబండి ఆగింది. నల్లగొండ జైలుకు కూరగాయలు తోలే ఫకీరా దిగీ దిగకముందే కేకేశాడు.

“పిచ్చన్నా! మీ గోపయ్య బతికే ఉండు! తెల్లారి తానం చేపిచ్చిన్రట, చేతులు కట్టి ఉరికంబం దాక నడిపిచ్చిన్రట. గప్పుడు ఆపుమని టెలిగ్రామొచ్చిందట! మల్ల గదిల ఏసి తాళమేసిన్రు.”

“శిక్ష రద్దయిందా?”

“లేదన్నా. మల్ల ఎప్పుడో ఎవ్వరు చెప్తలేరు. తాళాల చప్పుడైతే సాలు, లేసి నిలబడుతుండట.”

పిచ్చయ్య విస్తరి వైపు చూశాడు. సర్కారు వాణ్ని ఉరికంబం దాకానే తీసుకుపోయింది. కన్నతండ్రి తానే, దాన్ని కూడా దాటించి, ముద్ద పెట్టి సాగనంపాడు.

అంతలో కాకి కొమ్మ దిగింది. విస్తరి వైపు గెంతింది.

“ఉష్! ఉష్!” పిచ్చయ్య కండువా తిప్పుతూ ఉరికాడు. తూలాడు. విస్తరి మీదే బోర్లా పడ్డాడు. “ముట్టకే! నీకు దండం పెడత, ముట్టకే! నా కొడుకు బతికుండు!”

వెనక గాజుల చప్పుడైంది. సైదమ్మ మామను లేపి కూర్చోబెట్టి, ఆయన గడ్డానికి అంటిన మెతుకులు కొంగుతో తుడిచింది.

“లే మామా. జైలుకు ములాఖత్‌కు పోదాం, ఆయన్ను సూసొద్దాం. రొట్టెలు నేను చేస్త.”

ఆయన ఆ గాజుల చేతులను కళ్లకద్దుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. కాకి మాత్రం తిరిగి రేగు కొమ్మ మీదికే చేరి, ఎటూ పోకుండా కూర్చుంది.