దోర్కసమ్మ చెయ్యి

జెరూషాకు కూర్చున్నచోటే కునుకు పట్టేస్తోంది. పొయ్యి మీద మొక్కజొన్న జావ అడుగంటుతోంది, అయినా లేచి కలిపే ఓపిక లేదు. ఒక్కగానొక్క కూతురు హుల్దాకు మూర్ఛలు మొదలైనప్పటి నుంచీ ఆమె సరిగ్గా నిద్రపోలేదు. పిల్ల విల్లులా వంగిపోయి పళ్లు కొరుకుతుంటే ఏ తల్లికి నిద్ర పడుతుంది? రోజురోజుకీ చిక్కిపోతోంది, ఈ చలికాలం దాటదని వైద్యుడు పెదవి విరిచేశాడు.

నిరుటి మూర్ఛలు వేరు. అవి జెరూషా నేర్పిన దొంగ మూర్ఛలు.

ఉప్పుటేరు ఒడ్డున దోర్కసమ్మ అనే ముసలావిడకు మంచి గడ్డిబీడు ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. జెరూషా మొగుడు ఎనోస్ ఆ బీడు అడిగి అడిగి విసిగిపోయాడు. "మీ ఆయనకి కన్ను పెద్దది, కొడవలి చిన్నది" అని ఆవిడ ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక అందరి ముందూ నవ్వింది. ఆ మాట జెరూషా కడుపులో ఉండిపోయింది. తర్వాత ఓసారి ఎంత చిలికినా వెన్న రాలేదు. ఇంకేం, దోర్కసమ్మ చేతబడే అన్నారు. గడ్డి కోసం మనుషులు ఎంత గడ్డి తింటారో!

మరి రుజువు కావాలిగా. మంత్రగత్తె చెయ్యి తగిలితే, ఆమె పెట్టిన పీడ ఆమెలోకే తిరిగిపోయి, మూర్ఛలో పడినవాళ్లు తేరుకుంటారని ఆ ఊళ్లో న్యాయాధికారులు కూడా నమ్మేవారు. మూర్ఛ వచ్చినట్టు పడిపోయి, ఆవిడ ముట్టుకోగానే ఊరుకొమ్మని జెరూషా పిల్లకు ముందే చెప్పి పెట్టింది. విచారణలో దోర్కసమ్మ చెయ్యి చాచింది. కొడవలికి తెగి చిటికెనవేలు పోయిన చెయ్యి.

"భయపడకు బంగారం" అంది, పిల్లతో.

పిల్ల ఊరుకుంది. ఆవిడను ఉరి తీశారు. బీడు ఎనోస్‌కు దక్కింది.

ఇప్పుడు పిల్లకు నిజంగానే మూర్ఛలు వచ్చాయి. పాస్టరుగారు ఉపవాసాలున్నారు. జెరూషా ఎన్నిసార్లు గుండెకు హత్తుకుందో లెక్కలేదు. ఏం లాభం?

ఆ సాయంత్రం ప్రార్థనకని ఇరుగుపొరుగు వచ్చారు. బీడును ఆనుకున్న అవతలి పొలం అమోస్‌ది. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. దీపం వెలిగించకముందే పిల్ల పడిపోయింది. అందరూ కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన అందుకున్నారు.

జెరూషా పక్కన కూలబడింది. ఏడవడానికీ శక్తి లేదు.

"దోర్కసమ్మా..." ఎవరికీ వినబడకుండా గొణిగింది. "నన్నేమన్నా చేసుకో... పిల్లను వదిలెయ్."

తడి గడ్డి వాసన వచ్చింది. ఉప్పుటేటి బురద వాసన... తలుపులు వేసే ఉన్నాయి. ఆమె కుడిచెయ్యి మంచులా చల్లబడింది. తను ఎత్తలేదు... అదే లేచింది. పిల్ల మణికట్టును పట్టుకుంది.

మూర్ఛ ఆగిపోయింది.

ప్రార్థన కూడా ఆగింది. పిల్ల హాయిగా ఊపిరి తీసుకుంటోంది. జెరూషాకు ప్రాణం లేచొచ్చింది.

"ముట్టుకోగానే తగ్గింది" అన్నాడు అమోస్, నెమ్మదిగా.

ఎనోస్ పెళ్లాం పక్కనుంచి ఓ అడుగు వెనక్కి వేశాడు. ఇన్నాళ్లూ ముట్టుకుంటూనే ఉన్నానని చెప్పబోతూ జెరూషా చెయ్యి వెనక్కి తీసుకుంది.

పిల్ల మణికట్టు మీద ఎర్రగా గుర్తు తేలుతోంది. బొటనవేలు... మూడు వేళ్లు. అంతే.

జెరూషా తన చెయ్యి చూసుకుంది. ఐదు వేళ్లూ ఉన్నాయి. చిటికెనవేలు మాత్రం కదపబోతే కదల్లేదు.