సర్పి దాటని గీత

"చచ్చేలోపు మీకో మాట చెప్పాలండీ," అన్నాడు లక్ష్మీపతి, చొక్కా పైకెత్తి పట్టుకుని.

"ముందు అటు తిరగండి," అంది సువార్త.

ఎనభైల్లో, దేశ రాజధానిలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో చర్మవ్యాధుల డాక్టరు దగ్గర నర్సు ఆ బాపట్ల పిల్ల. ఐ.ఏ.ఎస్. పరీక్షకి చదువుతున్న లక్ష్మీపతి మూడు నెలలుగా ఆమెను బస్‌స్టాపులో చూడ్డమే గానీ నోరు విప్పలేదు. ఇవాళ విప్పక తప్పలేదు. నడుముకి కుడిపక్క పాములా వరస పొక్కులతో సర్పి లేచింది. రూమ్‌మేట్ అంకయ్య దాని మీద ఎర్రటి జేగురు మెత్తి, తలా తోకా కలిస్తే మనిషి దక్కడన్నాడు. రెండు ఎం.ఏ.లు చేసిన లక్ష్మీపతి టక్కున నమ్మేశాడు. చదువులు అలాగే ఏడుస్తాయి!

"దారం పెట్టి కొలిచాను. సగం చుట్టేసింది. బతికుంటే మిమ్మల్నే చేసుకునేవాణ్ణి."

సువార్త పకపకా నవ్వింది. చచ్చేవాడి ముందు నవ్వేవాళ్ళని అతను చూళ్ళేదు. అంత బాగా నవ్వేవాళ్ళనీ చూళ్ళేదు.

"చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"

"ఆరో ఏట."

"ఆ వైరసే ఇది. ఇన్నాళ్ళూ నరంలో నక్కి ఇప్పుడు లేచింది. ఆ నరం ఉన్న పక్కే పొక్కుతుంది, రెండో పక్కకి పోదు."

"పోతే?"

ఊదారంగు మందులో దూది ముంచి అతని వెన్ను మీద నిలువుగా గీత గీసింది. లక్ష్మీపతి ఒళ్ళు ఝల్లుమంది.

"ఇది దాటితే నా ఉద్యోగం మానేస్తా. దాటకపోతే ఇందాకటి మాట బతికుండి చెప్పాలి. రోజూ వచ్చి చూపించుకోండి."

"మందు?"

"వైరస్ మీదే పనిచేసే మాత్రలు విదేశాల్లో వచ్చాయట. అవి మనదాకా వచ్చేసరికి మీరు కలెక్టరైపోతారు. కాలమిన్ పూసుకోండి. ఆ జేగురు కడిగెయ్యండి బాబూ, హోలీ ఆడొచ్చినట్టున్నారు!"

పది రోజులు వెళ్ళాడు. గీత మాసినప్పుడల్లా ఆమె మళ్ళీ గీసేది. అద్దంలో వీపు చూసుకోబోయి మెడ పట్టేసింది. పుస్తకం తెరిస్తే ఒట్టు.

"సర్పి తగ్గుతోంది గానీ నువ్వు ముదురుతున్నావురా," అన్నాడు అంకయ్య.

పదకొండో రోజు జోరువాన. పొక్కులన్నీ ఎండి రాలిపోయాయి. ఒక్కటీ గీత దాటలేదు.

"ఊఁ, చెప్పండి," అంది సువార్త బల్లకి అవతల కూర్చుని.

అతని జుట్టులోంచి వాన, నుదుటి మీంచి చెమట.

"అప్పుడంటే ఎలాగూ పోతానని ధైర్యం వచ్చిందండీ. ఇప్పుడు బతికున్నాగా, భయమేస్తోంది."

"అచ్ఛా! మరి మా నాన్న అంద్రెయగారిని చూస్తే ఏమైపోతారు? ఆదివారం ఇక్కడి చర్చి బయట ఉంటారు. ఆయనకీ చెప్పాలి."

"ముందు మీకు చెప్పనివ్వండి."

చెప్పాడు. నాలుగు ముక్కలే, అవీ తడబడుతూ.

సువార్త ఊదా మందులో దూది ముంచి, ఇద్దరి మధ్యా బల్ల మీద ఒక గీత గీసింది.

"ఇది దాటొచ్చు," అంది తలెత్తకుండా.

అప్పటికే లక్ష్మీపతి చెయ్యి దాటేసింది.