చెమట పట్టిన బిరడా

"రేపు పొద్దున్నే నా బట్టీ పగలగొడతారటమ్మా!" అంటూ గాదెన్సియా గుమ్మంలోనే కూలబడింది.

తయాబాస్ పట్నం చుట్టుపక్కల కొబ్బరికల్లు కాచి సారా దించేవాళ్లకు కొదవ లేదు. అయినా పెళ్లివారు కళ్లకద్దుకుని తీసుకునేది గాదెన్సియా సీసానే. తల్లి నుంచి వచ్చిన ఆ బట్టీ, దాంతోపాటు వచ్చిన మంచి పేరు, ఈ రెండే ఆమె ఆస్తి.

ప్రైవేటు డిటెక్టివ్ కొన్సోర్సియా ఆమె చేతికి మంచినీళ్లిచ్చింది. "ఏడుపు తర్వాత. ముందు జరిగింది చెప్పు."

ఆవిడ తీరే అంత. గుండె నిండా జాలి ఉన్నా పని అయ్యాకే బయటపెడుతుంది. ఆ తీరుకు ముగ్ధుడైపోయే ఎల్పీడియో జీపు నడపడం మానేసి ఆవిడకు సహాయకుడిగా చేరాడు.

మొన్న సాయంత్రం సొతేరో కొడుక్కి పెళ్లి మాటలు జరిగాయి. సొతేరో తమ్ముడు రుపెర్తో గాదెన్సియా దగ్గర సీసా తీసుకుని, పడవలో ఏరు దాటి పెళ్లికూతురి ఇంటికి చేర్చాడు. పిల్ల మేనత్త మార్సెలినా అక్కడి ఆచారం ప్రకారం ఒకే గ్లాసును అందరికీ వరసగా తిప్పింది. వరుడి తండ్రని మర్యాదకొద్దీ సొతేరోకి ఎక్కువ పోసింది. మర్నాడు అందరికీ వాంతులు. సొతేరో అయితే చూపే మసకబారి ఆస్పత్రిలో చేరాడు. ఊరి పెద్ద అయిన కెప్టెన్ ఫెర్మిన్ ఆ సీసాను స్వాధీనం చేసుకుని, బట్టీ పగలగొట్టాలని తీర్పు కూడా తనే చెప్పేశాడు.

"కెప్టెన్ బావమరిది కొత్తగా సారా కొట్టు పెడుతున్నాడటండీ. ఈయనే సీసాలో ఏదో కలిపి..." అన్నాడు ఎల్పీడియో.

"తొందరపడకు. ముందు సీసాని అడుగుదాం."

కెప్టెన్ ఇంట్లో ఆ సీసా అలమారలో నిటారుగా ఉంది. సారా మెడకు బాగా కిందుగా ఉన్నా బిరడా మాత్రం చెమ్మగిల్లి ఉంది.

"సీసా ఎప్పుడైనా పడుకోబెట్టారా?"

"లేదమ్మా. తెచ్చినప్పటినుంచీ నిలబడే ఉంది, నాలాగే," అన్నాడు ఫెర్మిన్.

కొన్సోర్సియా బిరడా తీసి వాసన చూసి, పైభాగాన్ని నాలుక చివరకు తాకించి, ఉమ్మేసింది. ఎల్పీడియోకి పై ప్రాణాలు పైనే పోయాయి. "విషమండీ అది!"

"ఈమాత్రానికి చావనులే. పద."

గాదెన్సియా పెరట్లో పెద్ద కుండలో, సముద్రపు ఒడ్డున పెరిగే మడచెట్ల గాలివేళ్లు ఉడుకుతున్నాయి.

"బిరడాలకేనా?"

"అవునమ్మా. వలలకు బెండ్లు కట్టేదీ ఈ వేళ్లే. కాకపోతే బిరడాకి మంచినీళ్లు మార్చిమార్చి ఉడికించాలి. అందులోంచి సముద్రపు ఉప్పంతా దిగిపోవాలి. లేదంటే గాల్లో కాస్త తేమ తగిలితే చాలు, చెమటలు పడతాయి."

అదే విడతలో నింపిన సీసాలు అటక మీద ఉన్నాయి. కొన్సోర్సియా ఒక్కో బిరడానూ తడిమి చూసింది. అన్నీ పొడిగా, చక్కగా చెక్కి ఉన్నాయి. "ఎంత మంచి చెయ్యే నీది!" అనకుండా ఉండలేకపోయింది.

మార్సెలినా చేపలు ఎండబెడుతూ జవాబిచ్చింది. "బిరడానా? పళ్లతోనే తీశా. ఇంకెలా తీస్తారేమిటి? కాస్త ఉప్పగా తగిలింది. పొద్దస్తమానం చేపలతో ఉండే దాన్ని, నా నోరే అంతేమో అనుకున్నా."

రుపెర్తో ఒడ్డున ఉన్నాడు. రెండు గుంజల మధ్య అతని వల ఆరుతోంది. పైతాడుకు వరసగా బెండ్లు ఉన్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం తాడు కిందికి వాలింది.

"అన్నకెలా ఉంది?"

"దేవుడే చూడాలి," అన్నాడు తలెత్తకుండా.

"వల మధ్యలో వాలిందేం?"

"పాతది కదండీ."

కొన్సోర్సియా మర్నాడు అందర్నీ గాదెన్సియా పెరట్లోకి రమ్మని కబురుపెట్టింది. పిలవకపోయినా కెప్టెన్ వచ్చేవాడే, వెంట గునపాలతో మనుషులున్నారు.

"ఈ బిరడా ఉప్పగా ఉంది," అంటూ మొదలుపెట్టింది కొన్సోర్సియా. "గాదెన్సియా వేళ్లని ఉడికించి గానీ చెక్కదు. అటక మీదవి చూడండి, ఒక్కదానికీ చెమ్మ లేదు. కాబట్టి ఇది ఈ ఇంటి బిరడా కాదు. ఎవరో మార్చారు."

ఎల్పీడియో కెప్టెన్ వంక గుర్రుగా చూశాడు.

"ఆయన కాదు. సీసా ఆయన చేతికి చేరకముందే, విందులోనే, మార్సెలినా నాలుకకు ఉప్పు తగిలింది. అంటే మార్పు ఈ ఇంటికీ ఆ విందుకీ మధ్య దారిలోనే జరిగింది. ఆ దారిలో సీసా మోసింది ఒక్కడే." రుపెర్తో వల నుంచి ఎల్పీడియో ఉదయం విప్పుకొచ్చిన బెండును బిరడా పక్కన పెట్టింది. లావు ఒకటే, రంగూ ఒకటే. "వాలిన చోట బెండు పాతబడి పోలేదు నాయనా. నువ్వు కోశావు. బెండుకి ఉప్పు ఉన్నా ఫరవాలేదు, బిరడాకి ఉండకూడదు. సముద్రం మీద బతికేవాడికి ఆ తేడా తట్టలేదు."

రుపెర్తో ఆ బెండును చేతిలోకి తీసుకున్నాడు. "ఒక్క గుక్కే అనుకున్నానమ్మా. అంత బావుంది. బిరడా నీళ్లలో పడి కొట్టుకుపోయింది. చూస్తే సీసా ఖాళీ. రేవు దగ్గర డబ్బాలో అమ్మే సారా పోసి, పడవలో ఉన్న వల బెండు కోసి బిగించి తెచ్చా. అది విషమని నాకేం తెలుసు?"

"నిన్నంతా తెలుసు కదా! ఆ డబ్బా ఇంకా అమ్ముడవుతూనే ఉంటుంది. ఈమె బట్టీ పగిలిపోతున్నా నోరు విప్పలేదు," అంది కొన్సోర్సియా. ఆ గొంతులో కోపం ఎల్పీడియో అదే మొదటిసారి వినడం.

రుపెర్తో తప్పయిందన్నట్టు గాదెన్సియా చేతిని నుదుటికి ఆనించుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాది కాదు. పోయి మీ అన్న చెయ్యి పట్టుకో. ఆయనకి దారి కనబడటం లేదు."

కెప్టెన్ ఒక మనిషిని రేవుకు, రుపెర్తోను ఆస్పత్రికి పంపి, గునపాలు బయట పెట్టించాడు. అయినా ఎవరూ కదల్లేదు. గాదెన్సియా అటక మీంచి ఒక సీసా దించి అందరి ముందూ పెట్టింది. ఊరు మళ్లీ తాగుతుందా లేదా అన్నదే ఇప్పుడు మిగిలింది.

మార్సెలినా లేచి వచ్చి, పళ్లతో బిరడా లాగి, గ్లాసులో పోసుకుని తాగేసింది. "పెళ్లికి సీసాలన్నీ ఈ ఇంటి నుంచే!" అంది మూతి తుడుచుకుంటూ. తర్వాత కొన్సోర్సియా, ఆపైన ఎల్పీడియో. గ్లాసు తిరగడం మొదలైంది.

ఫెర్మిన్ దగ్గి, చెయ్యి చాపాడు. "నాకూ కాస్త..."

"నీకు చివర," అంది గాదెన్సియా.

కెప్టెన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, వరస చివరికి వెళ్లి నిలబడ్డాడు.