ఈ గంట మీకు అందిస్తున్నవారు

తెల్లవారుజాము నాలుగూ నలభై మూడు.

వెనక బైక్!

లుడీ అద్దంలోకి చూడలేదు. చూసే టైం లేదు. చెవులతోనే పోల్చుకుంది. ఒకటే బైక్... ఇద్దరు మనుషులు. పుంతా లారాలో విలేకరిని చంపడానికి ఎప్పుడూ అంతే సరంజామా. ముందువాడు నడుపుతాడు. వెనకవాడు కాలుస్తాడు.

ఠాప్!

స్కూటర్ అద్దం పగిలి మోచేతికి గీరుకుంది.

"నీ చేతులు పడిపోనూ!"

చర్చి సందులోకి తిప్పింది. సందు చివర చేపల రేవు. రేవు దాటితే గుట్ట. గుట్ట మీద రేడియో స్టేషన్. ఇంకా పదిహేడు నిమిషాలున్నాయి. ఐదింటికి ఆమె మైకు ముందు కూర్చోవాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆమె గంట ఇంకొకరికి పోతుంది. స్టేషన్ రూలు అది.

అవును, ఆమె గంట. కొనుక్కున్న గంట.

ఈ ఊళ్లో రేడియోలో వార్తలు చెప్పేవాడికి జీతమంటూ ఉండదు. గంట చొప్పున టైం కొనుక్కోవాలి. ఆ డబ్బుకి ప్రకటనలు తనే తెచ్చుకోవాలి. ముందు ప్రకటన ఇచ్చినవాడి పేరు చదవాలి. ఆ తర్వాతే వార్త. ఇదేం ఖర్మ అని అడిగితే, "ఇష్టం లేకపోతే మానెయ్" అంటారు. మానెయ్యనివాణ్ణి చంపుతారు.

పులో అన్నని చంపారు.

నలభై రోజులైంది. లుడీకి మైకు పట్టుకోవడం నేర్పిన మనిషి. వైస్ గవర్నర్ సెవెరినో బాల్తావో క్వారీ ఏటిని ఎలా మింగుతోందో రోజూ పొద్దున్నే చెప్పేవాడు. ఒక గురువారం ప్రోగ్రాం అయ్యాక రేవు గేటు దగ్గర ముసలి పాసింగ్ కొట్టులో కోడి గంజి తింటున్నాడు. ఆ గిన్నెలోనే ముఖం పెట్టి చనిపోయాడు.

ఠాప్!

రెండోది గోడకి తగిలింది.

లుడీ జాకెట్ లోపల ఒక చీటీ ఉంది. గంట కిందటే దొరికింది. దానికోసమే ఈ వేట.

ఇచ్చినవాడు నార్డో. ఆ గురువారం బైక్ నడిపినవాడు. ఐసు ఫ్యాక్టరీ వెనక, పసుప్పచ్చ వీధి లైటు కింద, చేతిలో పెట్టాడు.

"ఇదేంట్రా?"

"డబ్బుల కవర్లో వచ్చిందక్కా. ఆయనెక్కడ తింటాడో రాసుంది."

"కవరెవరిచ్చారు?"

"తెలీదు. నా సీటు కింద పెట్టి పోయారు. నేను బండి నడిపా... అంతేనక్కా."

"అంతేనా? మనిషి చచ్చిపోతే అంతేనట్రా!"

వాడు ఏడ్చాడు. అంతలోనే సందు చివర బైక్ లైటు వెలిగింది. వాడొక దిక్కుకీ ఆమె ఒక దిక్కుకీ పరుగు తీశారు.

చీటీలో ఏముందో ఆ లైటు కిందే చదివేసింది. 'గురువారం. పాసింగ్ కొట్టు. కోడి గంజి, ఉడికిన గుడ్డు ఒకటి.' కింద స్టేషన్ ముద్ర.

చూడగానే గుర్తుపట్టింది. టిఫిన్ చీటీ! ప్రకటనకి డబ్బులివ్వలేని కొట్టువాళ్లు తిండి పెట్టి బాకీ తీర్చుకుంటారు. పులో అన్నకి అలాంటి కొట్లు మూడుండేవి. ఏ రోజు ఎక్కడ తినాలో ముందురోజు సాయంత్రం మేనేజర్ మెల్కోర్ చీటీ రాసేవాడు. కార్బన్ పెట్టి రెండు కాపీలు. ఒకటి కొట్టుకి. రెండోది లెక్కకి ఆయన సొరుగులోనే ఉండిపోతుంది. కొట్టుకి వెళ్లిన చీటీ హంతకుల చేతిలో ఉందంటే?

పాసింగ్ అమ్మేసింది! తన గంజి తినే మనిషిని తనే అమ్మేసింది!

దారుణం ఏంటంటే, ఇవాళ్టి గంట కొనిపెట్టింది కూడా పాసింగే. పులో అన్న పోయాక ప్రకటనలన్నీ పోయాయి. మందుల షాపు, పిండిమర... ఒక్కడూ ఫోనెత్తలేదు. అప్పుడు ఈ పాసింగ్ రేవంతా తిరిగి, చేపలమ్మే ప్రతి ఆడదాని దగ్గరా ఇరవై పెసోలు వసూలు చేసి, ఆ చిల్లరంతా సంచిలో తెచ్చి లుడీ ఒళ్లో పోసింది. "నలభయ్యో రోజు పులో గంట మూగబోకూడదు తల్లీ" అంది.

పాపం కడుక్కోవడానికన్నమాట! లుడీకి ఒళ్లు మండిపోతోంది. నువ్వు కొన్న గంటలోనే నీ పేరు చెప్తా చూడు. డబ్బులిచ్చావని నోరు మూసుకుంటే నాకూ మిగతావాళ్లకీ తేడా ఏముంది?

రేవు గేటు! లైట్లు, ఐసు పెట్టెలు, వేలంపాట మైకులో కేకలు. గేటు పక్కనే పాసింగ్ కొట్టు. పాసింగ్ కొట్టు ముందే నిలబడి ఉంది. లుడీని చూసింది. వెనక బైక్ని చూసింది.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు ముసల్ది. మరుగుతున్న గంజి డేగిసాని ఎత్తి రోడ్డు మీద దిమ్మరించింది!

బైక్ సర్రున జారింది. ఇద్దరూ పడ్డారు. కెవ్వుమని ఒకడి అరుపు.

"పోవే లుడీ! మా పేర్లన్నీ చదవాలి! ఒక్కటి మర్చిపోయినా ఊరుకోను!" అంటోంది వెనకనుంచి పాసింగ్.

లుడీ ఆగలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు. నాటకాలు! అనుకుంది పళ్లు నూరుకుంటూ.

నాలుగూ యాభై నాలుగు.

స్టేషన్ గేటు తీసింది మెల్కోరే. డెబ్బై ఏళ్లు. చొక్కా లోపల నడుముకి పిస్తోలు. ఈ ఊళ్లో రేడియో నడిపేవాళ్లకి గొడుగెంతో అదీ అంతే.

"రక్తమేంటి తల్లీ?"

"అద్దం గీరుకుంది బాబాయ్. వెనక పడ్డారు. గేటు మూసెయ్!"

ఆయన మూశాడు. మెట్లెక్కుతుంటే కాఫీ గ్లాసు చేతిలో పెట్టాడు. పదకొండేళ్లుగా అదే కాఫీ, చక్కెర ఎక్కువ.

"ఈ గంటే ఆఖరు, లుడీ. రేపట్నుంచి బాల్తావో మనుషులు కొనుక్కున్నారు."

"ఇప్పటికే రోజుకి పదిహేను గంటలు కొన్నాడు కదా! ఇదీ కావాలా వాడికి?"

"ఏడుగురికి జీతాలివ్వాలమ్మా నేను. లైసెన్సు రెన్యువల్ కాగితం రాజధానిలో ఒక బల్ల మీద పడుంది. ఆ బల్ల ఎవరి మాట వింటుందో నీకు తెలీదా?"

"లైసెన్సిచ్చేవాడూ వాడే, ప్రకటనిచ్చేవాడూ వాడే, మనం నిలదీయాల్సినవాడూ వాడే. ఇంక వార్తలెందుకు బాబాయ్? వాడి పెళ్లిరోజు శుభాకాంక్షలు చదువుకుంటూ కూర్చుందాం!"

"మరెవరివ్వాలి డబ్బు? దేవుడా?"

"వినేవాళ్లు!"

"ఇరవై పెసోలా!" నవ్వాడు మెల్కోర్. "దాంతో టవరు ఒక పూట వెలగదు తల్లీ."

"వాళ్లు పేరు చదవమన్నారు. అంతే. ఏం చెప్పాలో చెప్పలేదు!"

ఆయన అద్దం గదిలోకి వెళ్లి స్విచ్‌ల ముందు కూర్చున్నాడు. టెక్నీషియన్ కనపడలేదు. ఇవాళ సెలవిచ్చి పంపాడట మెల్కోర్.

ఐదు. ఎర్రలైటు వెలిగింది.

"ఈ గంట మీకు అందిస్తున్నవారు..." మైకు దగ్గరకి జరిగింది. "పుంతా లారా చేపల రేవు. గంజి కొట్టు పాసింగ్. రొయ్యల ఎస్పెరిదియోనా. ఎండుచేపల తోమసా. ఐసు మోసే బెర్తో..."

నూట పద్దెనిమిది పేర్లు. ఒక్కటి కూడా మర్చిపోలేదు.

"వీళ్లు కొన్న గంట ఇది. వీళ్లలో ఒకరి తప్పుంటే అది కూడా ఇందులోనే చెప్తాను. వినండి! మాకు రూలొద్దని మేమనడం లేదు. నేను అబద్ధం చెప్తే నన్ను కోర్టుకీడ్చండి. అదే రూలు వైస్ గవర్నర్‌కీ పెట్టండి. ఆ రూలు చూసేవాడు వాడి ఇంట్లో భోంచేసి రాకూడదు. అంతేగా మేమడిగేది! దానికి కాలుస్తారా? అన్నం తినే మనిషిని కాలుస్తారా!"

టేబుల్ మీద గుద్దింది. కాఫీ ఒలికింది.

"పులో అన్న ఆ రోజు ఎక్కడ తింటాడో హంతకులకి రాసిచ్చారు. ఆ చీటీ నా దగ్గరుంది. అది ఏ కొట్టుకెళ్లిన చీటీయో, ఎవరు అమ్ముకున్నారో ఇప్పుడు..."

జేబులోంచి తీసింది. తెల్లటి ట్యూబులైటు కింద మడత విప్పింది.

ఆగిపోయింది.

చీటీ పసుప్పచ్చగా ఉంది.

వీధి లైటు కింద అన్నీ పసుపే. తెల్ల కాగితమైనా పసుపే. అందుకే అప్పుడు పోల్చుకోలేకపోయింది.

కొట్టుకెళ్లేది తెల్ల చీటీ. పసుప్పచ్చది కార్బన్ కాపీ.

అది మేనేజర్ సొరుగు దాటి బయటకి రాదు!

తలెత్తింది. అద్దం అవతల మెల్కోర్ ఆమెనే చూస్తున్నాడు. చెయ్యి ఒక స్విచ్ మీద ఉంది.

"చదవకు తల్లీ," అన్నాడు స్పీకర్లో. "చదివినా లాభం లేదు. నువ్వు చీటీ మడత విప్పగానే టవరు ఆపేశాను. ఆ ఎర్రలైటు నీకొక్కదానికే వెలుగుతోంది."

లుడీ చీటీని గుప్పిట్లో బిగించింది.

"బాబాయ్... నువ్వా?"

"నేను కాల్చలేదు."

"పులో అన్న నీ కూతురి పెళ్లికి పంది మాంసం మోశాడు! నీ ఇంట్లో అన్నం తిన్నాడు!"

తలుపు తీసుకుని లోపలికొచ్చాడు మెల్కోర్. పిస్తోలు చేతిలో ఉంది. తలుపు తెరిచే ఉంచాడు. వరండా కిటికీలోంచి సముద్రపు గాలి వచ్చింది.

టేబుల్ మీద శ్రోతల ఫోన్. స్టూడియోలో అది మోగదు, చిన్న లైటు మాత్రం మినుకుమంటుంది. ఇప్పుడు మినుకుమంటోంది. లుడీ చెయ్యి మెల్లగా అటు జారింది. బటన్ నొక్కింది. కళ్లు మాత్రం ఆయన మీదే ఉన్నాయి.

"ఎందుకు చేశావు? గట్టిగా చెప్పు. నా ముఖం చూసి చెప్పు!"

"స్టేషన్ మూతపడుతుందన్నారు! ఏడు కుటుంబాలు లుడీ! పులో నోరు మూసుకోమంటే మూసుకోలేదు. నేనేం చేశాను? ఒక కాగితం ఇచ్చాను. కార్బన్ కాపీ. అంతే!"

"అంతేనా?" అంది లుడీ. "నార్డో కూడా అంతే అన్నాడు. బండి నడిపా, అంతే. నువ్వు కాగితమిచ్చా, అంతే. వాడు డబ్బిచ్చా, అంతే. మరి చంపిందెవరు? మీ అందరి మధ్యా పులో అన్న తనంతట తనే చచ్చిపోయాడా? సిగ్గు లేదూ నీకు!"

"అరవకు. చీటీ ఇటివ్వు. కింద గేటు తాళం తీసే ఉంచాను. వాళ్లు వచ్చేస్తారు. వెనక మెట్ల మీంచి వెళ్లిపో. నిన్ను చూడలేదని..."

మాట ఆగిపోయింది.

కిటికీలోంచి ఏదో వినిపిస్తోంది. దూరంగా... రేవు వైపునుంచి... పెద్దగా.

"...నిన్ను చూడలేదని..."

మెల్కోర్ గొంతే! ఒక్క క్షణం ఆలస్యంగా. వేలంపాట మైకులో!

మెల్కోర్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

ఫోన్ స్పీకర్‌లోంచి పాసింగ్ గొంతు వచ్చింది.

"రేడియో ఆగిపోయింది లుడీ. డబ్బులు కట్టిన గంట ఎందుకాగిందో అడుగుదామని ఫోన్ చేశా. లైన్లో వీడి గొంతు వినపడితే, ఫోన్ తీసుకెళ్లి మైకు ముందు పెట్టా. రేవంతా ఇక్కడే నిలబడి ఉంది." గొంతు పెంచింది. "తెల్ల చీటీ నా దగ్గరే ఉంది మెల్కోర్. దానిమీద పులో నెత్తురుంది. మరియ తల్లి బొమ్మ ముందు పెట్టుకున్నా."

లుడీకి ఏడుపొచ్చింది. ఇంత మనిషినా తను అనుమానించింది! చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

ఏడవలేదు. ఒక చేత్తో ఫోన్ని మైకు పక్కకి జరిపింది. ఇంకో చేత్తో కుర్చీ ఆయన వైపు తోసింది.

"కూర్చో. మొదటి రోజు నాకేం నేర్పావు బాబాయ్? వార్త కన్నా ముందు ఏం చెప్పాలి?"

మెల్కోర్ కుర్చీలో కూలబడ్డాడు.

"స్పాన్సర్ పేరు," అంది లుడీ. "చదువు! పులో అన్న చావు ఎవరు అందించారు?"

కింద గేటు కిర్రుమంది. మెట్ల మీద బూట్లు.

ఊరందరికీ తెలిసిన పేరే. నలభై రోజులుగా ఎవరూ పైకి అనని పేరు. మెల్కోర్ పిస్తోలు టేబుల్ మీద పెట్టేశాడు. పదకొండేళ్లు పక్కవాళ్ల చేత చదివించిన మాటలు. మైకులోకి వంగాడు.

"పులో చావు... మీకు అందించినవారు..."

బూట్లు వరండాలోకొచ్చాయి.

"వైస్ గవర్నర్... సెవెరినో బాల్తా..."

ఠాప్!

మెల్కోర్ మైకు మీదే వాలిపోయాడు. లుడీ టేబుల్ కిందకి దూకింది. దూకుతూనే టేబుల్ మీది ఆయన పిస్తోలు అందుకుంది. గట్టిగా పట్టుకుని తలుపు వైపు గురిపెట్టింది.

ఫోన్ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

"విన్నాం లుడీ," అంది పాసింగ్. "మా గంట ఇంకా అవలేదు. అందరం వస్తున్నాం."